గ్యాస్ ఎక్కించే ముందు బీరు మాగబెట్టడానికి కార్నీ కెగ్ ఎంతవరకు పనికొస్తుంది?

ఇంట్లో బీరు చేసుకునేవాళ్లలో చాలామందికి కార్నీ కెగ్ అంటే గ్యాస్ (కార్బన్ డయాక్సైడ్) ఎక్కించి, ట్యాప్ తిప్పి గ్లాసులోకి పట్టుకునే డబ్బా. ఈ రివ్యూ దాని ఇంకో వాడకం గురించి. పులియడం పూర్తయిన బీరుని గ్యాస్ ఎక్కించకుండా నెలల తరబడి మాగబెట్టాలంటే ఇది పనికొస్తుందా? పనికొస్తుంది. కార్బాయ్ అనే పెద్ద గాజు సీసా కంటే, ప్లాస్టిక్ బకెట్ కంటే చాలా నయం. కాకపోతే దీన్ని ఆ పని కోసం తయారు చేయలేదు. లోపల ఒత్తిడి ఉంటేనే దీని మూత గట్టిగా పట్టుకుంటుంది. గ్యాస్ లేని బీరులో ఆ ఒత్తిడి ఉండదు. ఈ సంగతి పట్టించుకోకుండా బీరు పోసి, మూత వేసి, మూలన పెట్టేస్తే గాలిలోని ఆక్సిజన్ లోపలికి దూరి, ఆరు నెలల తర్వాత తడిసిన అట్టపెట్టె వాసన కొట్టే స్టౌట్ (ముదురు రంగు బీరు) చేతికొస్తుంది.

ముందు డబ్బా సంగతి. 5 అమెరికన్ గ్యాలన్లు, అంటే 18.9 లీటర్లు పట్టే స్టెయిన్‌లెస్ స్టీల్ కెగ్ ఇది. మొదట్లో సోడా సిరప్ నింపి సరఫరా చేయడానికి వాడేవారు. కార్నీలియస్, ఫైర్‌స్టోన్ పేర్లున్న పాతవి ఇంకా దొరుకుతాయి. కొత్తవాటిలో ఇటలీకి చెందిన ఏఈబీ కెగ్‌లకు మంచి పేరుంది. ఒంటి మీద 130 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) అని ముద్ర ఉంటుంది కాబట్టి ఇంట్లో వాడే ఒత్తిళ్లకు స్టీలు గురించి దిగులక్కర్లేదు. లీకయ్యేవన్నీ రబ్బరు భాగాలే. అలాంటి ఓ-రింగులు ఐదు: మూతకు పెద్దది ఒకటి, గొట్టాలు తగిలించే రెండు పోస్టుల మీద (గ్యాస్‌కి ఒకటి, బీరుకి ఒకటి) ఒక్కొక్కటి, వాటి కింద కెగ్ లోపలికి దిగే రెండు డిప్ ట్యూబుల మెడల దగ్గర ఒక్కొక్కటి. ఇవి కాక ప్రతి పోస్టు లోపలా స్ప్రింగుతో పనిచేసే పాపెట్ అనే చిన్న వాల్వ్, మూత మీద ఉంగరం పట్టుకుని లాగితే గ్యాస్ వదిలే రిలీఫ్ వాల్వ్ ఉంటాయి.

సెకండ్ హ్యాండ్ కెగ్ కొంటే ఐదు ఓ-రింగులూ ఆలోచించకుండా మార్చేయండి. పాత సిరప్ వాసన రబ్బరులోకి ఇంకిపోతుంది, ఎంత కడిగినా వదలదు. రెండు వారాల్లో అయిపోయే బీరులో అది బయటపడకపోవచ్చు. ఆరు నెలలు దానికి తగులుతూ కూర్చున్న బార్లీ వైన్ అనే ఘాటైన బీరులో మాత్రం తప్పకుండా తెలుస్తుంది. రబ్బరు రకం కూడా చూసుకోవాలి. మెత్తటి సిలికోన్ రింగు తక్కువ ఒత్తిడికే మూతను మూస్తుంది, అందుకే చాలామంది దాన్ని ఎంచుకుంటారు. కానీ సిలికోన్ గుండా ఆక్సిజన్ ఈపీడీఎం, నైట్రైల్ రబ్బర్ల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా దూరుతుంది. త్వరగా తాగేసే కెగ్‌కి సిలికోన్ పెట్టుకోవచ్చు. మాగబెట్టే కెగ్‌కి మందంగా ఉండే ఈపీడీఎం గానీ నైట్రైల్ గానీ పెట్టి, మూత కుదురుకోవడానికి ఇంకాస్త కష్టపడటమే మేలు. రింగులకు ఫుడ్ గ్రేడ్ సిలికోన్ గ్రీజు పల్చగా పూయాలి. పెట్రోలియం జెల్లీ వద్దు, అది తగిలితే ఈపీడీఎం ఉబ్బి పాడవుతుంది.

మూత

ఈ కెగ్ మూత కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని పక్కకు వంచి లోపలికి దించి, కింది నుంచి పైకి లాగి, హ్యాండిల్ మడిచి బిగిస్తారు. అంటే లోపలి గ్యాస్ మూతను పైకి నెడుతూ ఉంటేనే ఓ-రింగు నొక్కుకుంటుంది. హ్యాండిల్ బిగువు ఒక్కదాన్నే నమ్ముకుంటే, ముఖ్యంగా పాత కెగ్‌లలో, సన్నటి సందు మిగిలిపోతుంది. కాబట్టి బీరు నింపగానే సిలిండర్ తగిలించి 30 పీఎస్‌ఐ ఇవ్వాలి. మూత అంచు చుట్టూ, రెండు పోస్టుల మీద, రిలీఫ్ వాల్వ్ మీద సబ్బు నీళ్లు గానీ శానిటైజర్ నురగ గానీ చల్లి చూడాలి. పెద్ద బుడగలు ఎవరికైనా కనిపిస్తాయి. మాగబెట్టే బీరుని పాడుచేసేవి సన్నటి తెల్ల నురగలా నెమ్మదిగా పేరుకునేవి. రెండు నిమిషాలు ఆగి, వెలుతురు పట్టి చూస్తే గానీ అవి కనపడవు. లీకు మూత దగ్గరైతే గ్యాస్ వదిలేసి, మూతను అటుది ఇటు తిప్పి మళ్లీ బిగించండి. అప్పటికీ ఆగకపోతే హ్యాండిల్ కాళ్ల కింద పల్చటి రబ్బరు ముక్కో నాణెమో పెడితే బిగువు పెరుగుతుంది. పోస్టు దగ్గరైతే దాన్ని విప్పి డిప్ ట్యూబ్ మెడ దగ్గరి చిన్న రింగు చూడండి. అందరూ మర్చిపోయేది అదే.

తర్వాత సిలిండర్ తీసేయాలి. నెలల తరబడి తగిలించి ఉంచితే, కంటికి కనపడని చిన్న లీకు చాలు, సిలిండర్ మొత్తం ఖాళీ అవుతుంది. పైగా బీరుకి అక్కర్లేని గ్యాస్ ఎక్కుతుంది. సిలిండర్ బదులు గ్యాస్ పోస్టుకి ఒత్తిడి చూపే గేజి బిగించిన డిస్‌కనెక్ట్ (పోస్టుకి తగిలించే ముక్క) ఒకటి పెట్టుకోండి. ఈ కెగ్‌కి తోడుగా కొనాల్సిన వస్తువు ఏదైనా ఉందంటే అదే.

ఇక్కడే చాలామంది కంగారు పడతారు. 30 ఇచ్చి వదిలేస్తే రెండు మూడు రోజులకు సూది 2 దగ్గరికి పడిపోతుంది. అది లీకు కానక్కర్లేదు. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో అప్పటికే 0.85 వాల్యూమ్ వరకు గ్యాస్ కరిగి ఉంటుంది (లీటరు బీరులో లీటరు గ్యాస్ కరిగితే ఒక వాల్యూమ్). 18 లీటర్ల బీరు మీద లీటరు ఖాళీ ఉందనుకోండి. 30 పీఎస్‌ఐ దగ్గర ఆ ఖాళీలో అదనంగా చేరిన గ్యాస్ రెండు లీటర్లే. అంత బీరుకి అది ఏ మూలకి? దాదాపు అంతా కరిగిపోయి, ఒత్తిడి 2 పీఎస్‌ఐ దగ్గర నిలుస్తుంది. బీరులో గ్యాస్ పెరిగింది 0.1 వాల్యూమ్ మాత్రమే, నాలుకకు తెలియదు. ఇలా మరో రెండుసార్లు, సూది నిలిచాక ఒక్కోసారి చొప్పున, 30 ఇస్తే 5 పీఎస్‌ఐ దగ్గర కుదురుకుంటుంది. మాగబెట్టడానికి అది చాలు. అసలు లీకు ఉందా లేదా అన్నది ఆ తర్వాత తెలుస్తుంది: గది వేడి మారకుండా వారం తిరిగేసరికి సూది సున్నాకి వస్తే లీకే. 10 పీఎస్‌ఐ నిలకడగా ఉండాలని పట్టుబడితే మాత్రం బీరు 1.4 వాల్యూమ్ దాటుతుంది. అంటే సగం గ్యాస్ ఎక్కించేసినట్టే.

చల్లబరిచేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. బీరు చల్లబడే కొద్దీ గ్యాస్‌ని ఎక్కువగా పీల్చుకుంటుంది. 20 డిగ్రీల దగ్గర 0.85 తో సరిపెట్టుకున్న బీరే 2 డిగ్రీల దగ్గర 1.6 వరకు పట్టగలదు. కాబట్టి ఒత్తిడి లేని కెగ్‌ని ఫ్రిజ్‌లో పెడితే పైన ఉన్న కాస్త గ్యాస్‌నీ బీరు తాగేసి లోపల వ్యాక్యూమ్ తయారవుతుంది. పైకి నెట్టే ఒత్తిడి పోయి మూత సడలుతుంది, బయటి గాలి లోపలికి దూరుతుంది. అన్ని నెలలు కాపాడిన బీరు ఆ ఒక్క రాత్రిలో పోతుంది. చలిలోకి మార్చే ముందే సిలిండర్ తగిలించి 10 నుంచి 12 పీఎస్‌ఐ పెట్టి, పూర్తిగా చల్లబడేదాకా అలాగే ఉంచండి. కాస్త గ్యాస్ ఎక్కుతుంది, ఎక్కనివ్వండి. లాగర్‌ని 0 నుంచి 2 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉంచాలనుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

గాలి తీయడం, బీరు నింపడం

ఖాళీ కెగ్‌లో గ్యాస్ నింపి వదలడం పద్ధతే గానీ చాలా ఖరీదైన పద్ధతి. 30 పీఎస్‌ఐ నింపి వదిలిన ప్రతిసారీ లోపలి ఆక్సిజన్ మూడో వంతుకు తగ్గుతుంది. పదిసార్లు చేస్తే 21 శాతం కాస్తా 3 పీపీఎం (పది లక్షల్లో మూడు వంతులు) చుట్టుపక్కలకి దిగుతుంది. 15 పీఎస్‌ఐతో అదే పదిసార్లు చేసినా ఇంకా 180 పీపీఎం పైనే మిగులుతుంది. ఒత్తిడికి అంత తేడా ఉంది. కానీ ఖాళీ కెగ్‌కి 30 తో పదిసార్లంటే 380 లీటర్ల గ్యాస్, దాదాపు 700 గ్రాములు. అదే కెగ్‌ని శానిటైజర్‌తో అంచు దాకా నింపి, 5 పీఎస్‌ఐతో లిక్విడ్ పోస్టు గుండా నెట్టేస్తే 50 గ్రాములలోపే పనైపోతుంది. స్టార్ శాన్ లాంటిదైతే 19 లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు చాలు. ఆ నీళ్లనే ఇంకో కెగ్‌లోకి నెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

అంచు దాకా నింపడంలో ఒక చిక్కు ఉంది. గ్యాస్ వైపు పొట్టి డిప్ ట్యూబ్ రెండు మూడు సెంటీమీటర్లు కిందికి వేలాడుతుంది, దాని పైభాగంలో గాలి చిక్కుకుపోతుంది. ఆ ట్యూబ్‌ని పైకప్పుకి సమానంగా ఉండేలా కత్తిరిస్తే సమస్య తీరుతుంది. కత్తిరించకపోతే మూత వేశాక కెగ్‌ని గ్యాస్ పోస్టు వైపు పైకి లేచేలా వంచి, పాపెట్ నొక్కి గాలి వదిలి, ఖాళీ అయిన మేరకు మళ్లీ నింపాలి.

బీరు ఎక్కించేటప్పుడు మూత తీయకూడదు. ఫర్మెంటర్ (బీరు పులిసిన పాత్ర) నుంచి గొట్టం కెగ్ లిక్విడ్ పోస్టుకి, కెగ్ గ్యాస్ పోస్టు నుంచి ఇంకో గొట్టం ఫర్మెంటర్ పై భాగానికి. బీరు డిప్ ట్యూబ్ గుండా అడుగు నుంచి నిండుతూ వస్తుంది, దిగిన బీరు జాగాలోకి కెగ్‌లోని గ్యాసే వెళ్తుంది. 18 లీటర్ల దాకా నింపండి, 18.5 అయినా ఫరవాలేదు. 15 లీటర్లే ఉంటే పైన నాలుగు లీటర్ల ఖాళీ మిగులుతుంది. అప్పుడు మొదటి రోజు గ్యాస్ నింపి వదలడం ఇంకో నాలుగైదుసార్లు చేయాలి. నింపిన తర్వాత లిక్విడ్ వైపు గొట్టం ఏదీ తగిలించి ఉంచకండి. మామూలు వినైల్ గొట్టం గుండా ఆక్సిజన్ లోపలికి వస్తూనే ఉంటుంది, గొట్టంలో నిలిచిన బీరు ముందు చెడుతుంది.

ఏ బీరుకి, ఎందుకు

చాలా బీర్లకు గ్యాస్ లేకుండా మాగబెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. గ్యాస్ ఎక్కించిన ఇంపీరియల్ స్టౌట్ కూడా అంతే బాగా మాగుతుంది. ఇంకా చెప్పాలంటే, 10 పీఎస్‌ఐ మీద ఉన్న కెగ్ మూత ఎప్పుడూ గట్టిగా ఉంటుంది కాబట్టి అదే భద్రం. ఏమీ కలపాల్సింది లేకపోతే ముందే గ్యాస్ ఎక్కించి పక్కన పెట్టండి. గ్యాస్ లేకుండా ఉంచడంలో లాభమల్లా మధ్యలో మూత తీయాల్సిన బీర్లకే. ఓక్ ముక్కలు, వనిల్లా కాయలు, కాఫీ గింజలు వేయాలన్నా, రెండు బీర్లు కలిపి రుచి సరిచేయాలన్నా ఆ అవకాశం కావాలి. గ్యాస్ ఉన్న బీరులో గరుకైన వస్తువు ఏది పడినా నురగ పొంగి మూతలోంచి నేల మీదికి వస్తుంది. ఐపీఏ, గోధుమ బీరు లాంటివాటిని ఎలాగూ మాగబెట్టకూడదు, వాటి తాజా వాసన రోజురోజుకీ పోతుంది.

ఓక్‌కి ఘనపు ముక్కలు వాడండి. 19 లీటర్లకు 30 నుంచి 60 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. చిప్స్ అయితే ఒకటి రెండు వారాల్లోనే రుచి దింపేస్తాయి, ఆపడం కష్టం. వాటి నలుసులు లిక్విడ్ పాపెట్‌లో ఇరుక్కుంటాయి కూడా. ఏది వేసినా స్టీలు జాలీ గొట్టంలో పెట్టి వేయాలి. దాని దారాన్ని మూత అంచు మీదుగా బయటికి తీసి బిగించడం చాలాచోట్ల కనిపించే చిట్కా. 30 పీఎస్‌ఐ దగ్గర అది లీకవకపోవచ్చు, 3 దగ్గర అవుతుంది. దారాన్ని డిప్ ట్యూబ్‌కి కట్టండి, లేదా లోపలివైపు కొక్కెం వెల్డ్ చేసిన మూత కొనుక్కోండి. మూత తీసిన ప్రతిసారీ 30 పీఎస్‌ఐ నింపి వదలడం పదిసార్లు చేయాలి. ఖాళీ లీటరే కాబట్టి 40 గ్రాముల గ్యాస్‌తో అయిపోతుంది, బద్ధకించకండి.

బ్రెట్ (బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్) వేసిన పుల్ల బీర్ల సంగతి వేరు. అవి నెమ్మదిగా పులుస్తూనే ఉంటాయి. గ్రావిటీ (నీటితో పోలిస్తే బీరు సాంద్రత) 0.001 తగ్గితే దాదాపు అర వాల్యూమ్ గ్యాస్ పుడుతుంది. 0.004 తగ్గిందంటే మొత్తం 2.8 వాల్యూమ్ చేరి, 20 డిగ్రీల దగ్గర గేజి 30 దాటుతుంది. అప్పటికే గ్యాస్ ఉన్న సీసాల్లో ఇంత పెరిగితే పేలే అవకాశం ఉంది, కెగ్‌కి ఏమీ కాదు. అయినా గ్యాస్ లేకుండానే ఉండాలనుకుంటే గ్యాస్ పోస్టుకి స్పండింగ్ వాల్వ్ (పెట్టిన ఒత్తిడి దాటితే గ్యాస్ వదిలేది) తగిలించి 5 దగ్గర పెట్టండి. ఈ కెగ్ రబ్బరు రింగుల్ని, గొట్టాల్ని మామూలు బీరుకి వాడకండి. స్టీలుని మాత్రం కడిగి ఏ బీరుకైనా వాడొచ్చు.

రుచి చూడటంలో కార్బాయ్ ఈ కెగ్ దరిదాపుల్లోకి రాదు. అక్కడ నమూనా తీసిన ప్రతిసారీ ఆ జాగాలోకి గాలి వస్తుంది, ఎయిర్‌లాక్‌లో నీళ్లు ఆరిపోకుండా చూసుకోవాలి, వెలుతురు తగలకుండా కప్పాలి. ఇక్కడ పిక్నిక్ ట్యాప్ తగిలించి మొదటి 50 మిల్లీలీటర్లు పారబోసి, గ్లాసులో పట్టుకుని, ట్యాప్ తీసేస్తే సరి. గేజి 2 కన్నా తక్కువ చూపిస్తే వెంటనే గ్యాస్ ఇవ్వండి. తరచూ రుచి చూసే అలవాటు ఉంటే కెగ్ అయినా కాపాడలేదు, నెలకొకసారి చాలు.

మడ్డి విషయంలో ఈ డిజైన్ అంత అనుకూలం కాదు. డిప్ ట్యూబ్ సరిగ్గా అడుగునే ఉంటుంది, ఈస్ట్ పేరుకునేదీ అక్కడే. ట్యూబ్‌ని రెండు సెంటీమీటర్లు కత్తిరిస్తే మడ్డి రాదు గానీ అర లీటరుకు పైగా బీరు అడుగునే ఉండిపోతుంది. తేలే డిప్ ట్యూబ్ పెట్టుకోవచ్చు, కానీ జాలీ గొట్టం లోపల ఉంటే దానికి చుట్టుకుంటుంది. మంచి దారి ఇంకో కెగ్‌లోకి మార్చడం. కదపకుండా చల్లబరిచి, మొదటి 300 మిల్లీలీటర్లు మడ్డితో సహా బయటికి నెట్టేసి, తేట వచ్చాక లిక్విడ్ పోస్టు నుంచి లిక్విడ్ పోస్టుకి గొట్టం కలిపి, శానిటైజర్ నెట్టేసి గ్యాస్ నింపిన రెండో కెగ్‌లోకి 3 పీఎస్‌ఐతో పంపండి. రెండో కెగ్ రిలీఫ్ వాల్వ్ కొద్దిగా తెరిచి ఉంచాలి.

ఇక గ్యాస్ ఎక్కించడం. 4 డిగ్రీల దగ్గర 12 పీఎస్‌ఐ పెట్టి వారం పది రోజులు ఉంచితే 2.5 వాల్యూమ్ వస్తుంది. బార్లీ వైన్‌కి, పెద్ద స్టౌట్‌కి 2.2 చాలు, అంటే 8 లేదా 9 పీఎస్‌ఐ. తొందరైతే 30 దగ్గర ఒక రోజు ఉంచి, వదిలి, తగ్గించండి. కెగ్‌ని ఊపి ఎక్కించడం మాత్రం రెండో కెగ్‌లోకి మార్చిన తేట బీరుకే. అడుగున మడ్డి ఉండగా ఊపితే నెలల పాటు దిగిన తేటదనం అంతా పోతుంది. చక్కెర వేసి సహజంగా గ్యాస్ పుట్టించాలనుకుంటే, అన్ని నెలలు కూర్చున్న ఈస్ట్‌ని నమ్మకుండా కొత్త ఈస్ట్ కొంచెం కలపాలి.

కడగడానికి వేడి నీళ్లు, ఆల్కలీ క్లీనర్ చాలు. క్లోరిన్ బ్లీచ్ స్టెయిన్‌లెస్‌ని గుంటలు గుంటలుగా తినేస్తుంది, దాని జోలికి పోవద్దు.

కొనేవాళ్లకు: పోస్టులకు డిస్‌కనెక్ట్ తగిలించే తీరుని బట్టి కెగ్‌లు బాల్ లాక్, పిన్ లాక్ అని రెండు రకాలు, రెండూ ఒకేలా మాగబెడతాయి. పిన్ లాక్ పొట్టిగా, కాస్త లావుగా ఉండి ఫ్రిజ్‌లో బాగా ఇముడుతుంది. దాని గ్యాస్ పోస్టుకి రెండు పిన్నులు, లిక్విడ్‌కి మూడు ఉంటాయి కాబట్టి పొరపాటున అటుదిటు తగిలించలేరు. కానీ పాత పిన్ లాక్ మూతల్లో చాలావాటికి చేత్తో లాగే రిలీఫ్ వాల్వ్ ఉండదు. పదిసార్లు గ్యాస్ వదలాలంటే ప్రతిసారీ డిస్‌కనెక్ట్ తీసి పాపెట్ నొక్కాలి, అది విసుగు పని. ఆ వాల్వ్ ఉన్న మూత దొరికితేనే పిన్ లాక్ తీసుకోండి. మాగబెట్టే బీరు తక్కువ మోతాదులో చేసేవాళ్లు 9.5 లీటర్ల కెగ్‌ని ముందు చూడటం మంచిది. మూత అదే, చిక్కులూ అవే, కానీ 9 లీటర్ల బీరు మీద అర లీటరు ఖాళీయే మిగులుతుంది.